నల్లగొండలో బొమ్మల కార్డులు చేయించాలనుకునేవాళ్ల కోసం: గడియారం సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపు

మాట రాని పిల్లలున్న ఇళ్లవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా, మిగతావాళ్లకు ఇది మామూలు జిరాక్స్ షాపే. గడియారం సెంటర్ నుంచి ప్రకాశం బజార్ వైపు నడిస్తే సందు మొదట్లోనే ఉంటుంది, బోర్డు సగం వెలిసిపోయింది. పేరు రాయొద్దన్నాడు ఓనరు, జనం ఎక్కువైతే పని పాడవుతుందట. ఆ మాట నిజమే, కింద చెప్తా.

మావాడికి ఆరేళ్లు. ఆటిజం, మాటలు లేవు. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తనకేం కావాలో చెప్పే దారే లేదు. స్పీచ్ థెరపిస్ట్ ఏఏసీ మొదలుపెట్టమంది, అంటే మాటకు తోడుగానో బదులుగానో బొమ్మలు, సైగలు, ట్యాబ్ లాంటివి వాడటం. ట్యాబ్‌లో ఐఐటీ బాంబే వాళ్లు చేసిన జెల్లో అనే యాప్ ఉంది, ఉచితం. చెన్నైలో పుట్టిన అవాజ్ ఉంది, దానికి డబ్బు కట్టాలి. బొమ్మ నొక్కితే గొంతు వినిపిస్తుంది, కాగితానికి ఆ సౌకర్యం లేదు కదా. కానీ మావాడికి ట్యాబ్ అంటే యూట్యూబే, పైగా ఎండలో స్క్రీన్ కనపడదు, స్నానాల గదిలోకి తీసుకుపోలేం, అవసరమైనప్పుడే ఛార్జింగ్ అయిపోతుంది. ట్యాబ్ ఉన్నా చేతిలో బొమ్మల కార్డులు అంటించిన బుక్కు ఒకటి ఉండాల్సిందేనని థెరపిస్ట్ కూడా అంది.

ముందు వేరేచోట చేయించిన కార్డులు వారం తిరక్కుండానే పొరలు విడిచాయి, మావాడు మూలలు నములుతాడు మరి. ఇక్కడ ఈయన ముందు అడిగింది అదే, ఎవరికి, ఎందుకు అని. చెప్పాక, "పోరడు నమిలితే నీళ్లు లోపలికి పోతయ్ అక్కా, జర అంచు ఇడిసి కోస్త" అన్నాడు. మామూలుగా షీటు మొత్తం లామినేషన్ చేసి ముక్కలు కోస్తారు, అలా కోస్తే కాగితం అంచు బయటపడుతుంది. ఈయన ముందు కాగితం కార్డులు కోసుకుని, మధ్య మధ్య సందు వదిలి కవర్లో పేర్చి, మెషిన్లో పెట్టి, తర్వాత ప్లాస్టిక్ కోశాడు. చుట్టూ సన్నగా ప్లాస్టిక్ అంచు మిగులుతుంది, నీళ్లు పోవు. 125 మైక్రాన్ల మందం కవరు వద్దని 250ది వేశాడు, అట్టలా నిలబడుతుంది. మూలలు గుండ్రంగా కత్తిరించాడు. మెరిసే లామినేషన్ బదులు మ్యాట్ అడగండి, ట్యూబ్‌లైట్ కింద మెరిసేదాని మీద బొమ్మ కనపడదు, వెలుతురే కనపడుతుంది.

ఇంకో మంచి పని చేశాడు. నెట్‌లో దొరికే కార్టూన్ గ్లాసు కాకుండా మా ఇంటి స్టీలు గ్లాసునే ఫోటో తీసుకుపోయా. వెనకాల ఫ్రిజ్, దాని మీద ఎర్ర స్టిక్కరు పడ్డాయి. "పిల్లగాడు స్టిక్కరు చూస్తడా గ్లాసు చూస్తడా?" అని వెనకదంతా తీసేసి తెల్లగా పెట్టాడు. పిల్లల గురించి ఈయనకు ఎవరూ నేర్పలేదు, అయినా ఎంత బాగా పట్టుకున్నాడో.

కార్డుల్లో ఏం పెట్టాలనేది మాత్రం మీ థెరపిస్ట్‌నే అడగండి. అన్నీ తిండి పేర్లే పెడితే అది హోటల్ మెనూ అవుతుంది. కావాలి, వద్దు, ఇంకా, ఆపు, అయిపోయింది, సాయం, నొప్పి లాంటివి ముందు ఉండాలి. మనుషులకు పసుపు అంచు, పనులకు ఆకుపచ్చ, గుణాలకు నీలం అని థెరపిస్ట్ చెప్పిన రంగులు వాట్సాప్‌లో పంపితే అలాగే వేశాడు. మా ఇంట్లో ఎక్కువ అరిగింది 'వద్దు' కార్డే. మొన్న అత్తమ్మ జొన్న రొట్టె పెడితే ఆ కార్డు పీకి ఆమె చేతిలో పెట్టాడు, ఇదివరకైతే కంచం విసిరేసి తన మణికట్టు కొరుక్కునేవాడు. "వద్దన్నా రెండు బుక్కలు తినాలె" అంది ఆవిడ. వద్దని చెప్పాక కూడా నోట్లో కుక్కితే వాడు ఇంక కార్డు ఎందుకు తీస్తాడు అత్తమ్మా అని రొట్టె పక్కకు పెట్టించా. మందు, రోడ్డు దాటడం లాంటి చోట కుదరదు కానీ రొట్టె దగ్గర పట్టుదల ఎందుకు.

షాపాయనే అడిగాడు, బొమ్మలు అలవాటైతే ఇంక మాట రాదేమో కదా అక్కా అని. చాలామందికి ఉన్న భయమే. పరిశోధనలు అలా చెప్పట్లేదు. 2006లో అచ్చయిన ఒక సమీక్షలో, గట్టి ఆధారాలున్న 27 మందిని చూస్తే ఏఏసీ వల్ల ఎవరికీ మాట తగ్గలేదు, ఎక్కువమందికి ఎంతో కొంత పెరిగింది కూడా. అయితే బుక్కు మెడలో వేసి "చెప్పు, చెప్పు" అంటే పని కాదు, మనం మాట్లాడుతూ మనమే కార్డులు చూపిస్తుండాలి, రోజూ, విసుగు లేకుండా. చెయ్యి పట్టుకుని కార్డు మీద పెట్టించొద్దు, అలా చేస్తే చెప్పేది మనమే అవుతాం, వాడు కాదు.

ఇక షాపు లోపాలు. కలర్ ప్రింటులో ఎరుపు ఎక్కువ కొడుతుంది, మా అమ్మ ఫోటోలో మొహం టమాటాలా వచ్చిందని మళ్లీ తీయించా, రెండోసారి డబ్బు అడగలేదు. జూన్‌లో అడ్మిషన్లు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ల రద్దీ ఉంటే "రేపు రా అక్కా" అంటూ తిప్పుతాడు, ఆ నెలలో పోకండి. ప్రింటు, మందం లామినేషన్, కటింగ్ కలిపి షీటుకు 50 రూపాయలు, షీటుకు 9 కార్డులు. జిరాక్స్ లెక్కలో ఎక్కువే, ఈ పనికి ఎక్కువ కాదు. కార్డులు బుక్కుకు అంటించి పీకడానికి కావాల్సిన వెల్క్రో ఆయన దగ్గర ఉండదు, బజార్లో టైలరింగ్ సామాను షాపులో మీటరు లెక్కన కొనుక్కోండి. మెత్తటి వైపు కార్డుకు అంటించండి, గరుకు తగిలితే మావాడైతే ముట్టుకోడు. ఫైలు ఆయన కంప్యూటర్లో ఉంటుందని నమ్మకండి, నెలాఖరుకు అన్నీ తుడిచేస్తాడు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే పోయిన కార్డు ఒక్కటే మళ్లీ వేయించుకోవచ్చు, 'ఇంకా' కార్డు మాకు అలాగే వచ్చింది. భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపేది) టీచరు కోసం రెండో సెట్టు కూడా ఇక్కడే చేయించా, 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటీ జూన్ తిప్పుడికి తీసేశా.