ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీస్ వెబ్‌సైట్: "రన్" అని కొట్టి చూడండి, ఎంత పనికొస్తుందో తెలుస్తుంది

ఇంగ్లీష్ నేర్చుకునే పిల్లలకి ఏ డిక్షనరీ మంచిదని ఎవరడిగినా నేను చెప్పేది ఈ వెబ్‌సైటే, మామూలు వాడకానికి పైసా ఖర్చు లేదు.

మా అమ్మాయి "దే రాన్ అవుట్ ఆఫ్ మిల్క్" అన్నదాన్ని పాలల్లోంచి బయటికి పరుగెత్తారు అని రాసుకుంది (వాళ్ల దగ్గర పాలు అయిపోయాయని అసలు అర్థం), పాపం దాని చేతిలో ఉన్న పాకెట్ డిక్షనరీలో రన్‌కి ఉన్నది పరుగెత్తు ఒక్కటే మరి. నిజానికి షాపు నడపడం రన్నే, బస్సులు తిరగడం రన్నే, ముక్కు కారడం, ఉతికితే బట్ట రంగు దిగడం, ఎలక్షన్లో నిలబడటం అన్నీ రన్నే. పెద్ద ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో అయితే ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయని 2011లో పేపర్లలో వచ్చింది, ఆ అర్థాలు తేల్చిన డిక్షనరీ ఎడిటర్ పీటర్ గిలివర్‌కి తొమ్మిది నెలలు పట్టిందట.

ఈ సైట్‌లో అంత భారం ఉండదు. అర్థాల మీద చిన్న చిన్న హెడ్డింగులు పెట్టారు, పోటీ, నిర్వహణ, బస్సులు రైళ్లు, నీళ్లు, రంగు, ఎన్నికలు ఇలా, కాబట్టి మనక్కావాల్సిన చోటికి కన్ను తిన్నగా వెళ్తుంది. క్రియకి కర్మ కావాలా వద్దా అన్నది కూడా పక్కనే రాస్తారు, నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే "హి రన్స్ ఎ హోటల్" అంటే హోటల్ నడుపుతాడని, మధ్యలో "టు" పడితే హోటల్‌కి పరుగెత్తుతాడని, ఆ చిన్న మాట దగ్గరే పిల్లలు తడబడతారు. వినడానికి బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణ రెండూ ఉన్నాయి.

అర్థం కన్నా దాని కింద ఇచ్చిన వాక్యాలు చదివించండి. మనకి హారన్ కొట్టడం, ఫోన్ కొట్టడం, ఎండ కొట్టడం, వాసన కొట్టడం ఎవరూ లిస్టు రాసి బట్టీ పట్టించలేదు కదా, వినీ వినీ వచ్చాయి, ఇంగ్లీషూ అంతే.

తెలుగు అర్థాలు మాత్రం ఇందులో ఉండవు, అంతా ఇంగ్లీషే. అందుకని తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదట్లో పక్క ట్యాబ్‌లో ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి పెట్టుకుంటే మేలు. రన్ అవుట్, రన్ ఇంటూ లాంటివి పేజీ అడుగున ఉంటాయి, ఫోన్లో అంత కిందికి జరుపుకుంటూ పోయే బదులు సెర్చ్‌లో రెండు మాటలూ కలిపి కొట్టండి, నేరుగా వచ్చేస్తుంది.