గ్రూపులో కలిసి ఊలు స్లిప్పర్స్ అల్లాలంటే ఏది మేలు: రెండు సూదులా, రౌండా, ఫెల్టా?

మా ఆన్‌లైన్ అల్లిక గ్రూపులో స్లిప్పర్స్ నిట్-అలాంగ్ (అందరూ ఒకే వస్తువు ఒకేసారి కలిసి అల్లడం) పెడుతున్నాం, ఏ రకం పెట్టుకుంటే బావుంటుంది అని నన్ను అడిగినవాళ్లు ఈమధ్య ఎంతమందో లెక్కపెట్టడం మానేశా. ఇదివరకు అయితే మీకు ఏది నచ్చితే అది అల్లుకోండి అని తప్పించుకునేదాన్ని. ఈ ఏడాది నేనే మూడు గ్రూపుల్లో మూడు రకాలు అల్లి, ఒక జత పూర్తిగా పాడుచేసుకుని, ఇంకో జత రెండుసార్లు విప్పి మళ్లీ అల్లి, ఇప్పుడు ఒక పక్కకి వచ్చేశా కాబట్టి ఇక దాచుకోకుండా రాస్తున్నా.

నా లెక్కలో ఒంటరిగా అల్లుకునేటప్పుడు ఏది మేలు అనేది ఒక ప్రశ్న, పదిమందితో కలిసి అల్లేటప్పుడు ఏది మేలు అనేది పూర్తిగా వేరే ప్రశ్న. ఒంటరిగా అయితే వెచ్చదనం, మన్నిక, అందం చూసుకుంటాం. గ్రూపులో మాత్రం అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒక్కటే, నేను ఎక్కడ ఉన్నానో, ఎక్కడ తప్పానో ఒక ఫోటో చూసి అవతలి మనిషి చెప్పగలగాలి, చెప్పాక నేను దాన్ని విప్పి సరిచేసుకోగలగాలి. ఈ రెండూ లేకపోతే అది గ్రూపు అల్లిక కాదు, ఎవరి మూలన వాళ్లు కూర్చుని అల్లుకుంటూ ఫోటోలు పంపుకోవడం అంతే.

ముందు రెండు సూదుల రకం. మడమ దగ్గర కాస్ట్ ఆన్ చేసి (సూది మీద మొదటి కుట్లు ఎక్కించి), గార్టర్ స్టిచ్‌లో, అంటే ప్రతి వరసా ఒకే మామూలు నిట్ కుట్టుతో, వెనకనుంచి ముందుకి అల్లుకుంటూ పోయి, వేళ్ల దగ్గర రిబ్బింగ్ (సాగే చారల అల్లిక) వేసి, చివర దారం లాగి బిగించి, మడమ, పైభాగం కుట్టేసే ఆ పాతకాలం స్లిప్పర్, అందరికీ తెలిసిందే. దీన్ని చూసి చాలామంది పెదవి విరుస్తారు, మరీ చిన్నపిల్లల పని అని. నేనూ విరిచినదాన్నే.

కానీ గార్టర్‌లో ఒక గొప్ప సుఖం ఉంది, రెండు వరసలకి ఒక గట్టు పడుతుంది, అచ్చం పొలం గట్లలా ఎత్తుగా కనిపిస్తుంది, కళ్లజోడు లేకుండా కూడా లెక్కపెట్టచ్చు. మా గ్రూపులో రిడ్జ్ అనే మాటే పోయింది, అందరం గట్టు అనేస్తాం. "పదకొండో గట్టు దగ్గర కుట్టు జారింది" అని ఒకావిడ ఫోటో పెడితే నేను ఇక్కడ కూర్చుని వేలు పెట్టి లెక్కపెట్టి, అది పదకొండు కాదండీ, తొమ్మిదిలోనే జారింది, అక్కడినుంచి నిచ్చెనలా పైకి తెరుచుకుంది, క్రోషె సూదితో పట్టుకుని పైకి ఎక్కించండి, ఒక మెట్టు ముందునుంచి, ఒక మెట్టు వెనకనుంచి, మొత్తం విప్పక్కర్లేదు అని చెప్పగలిగా. ఆవిడ పావుగంటలో సరిచేసి మళ్లీ ఫోటో పెట్టింది.

ఇంకోటి, గార్టర్‌లో కుట్టు వెడల్పు, గట్టు ఎత్తు దాదాపు సమానంగా వస్తాయి, అంటే 10 సెంటీమీటర్లకి 14 కుట్లు వస్తుంటే గట్లు కూడా 14 దరిదాపుల్లోనే ఉంటాయి. అందువల్ల సైజు లెక్క నోటితో చేసేయొచ్చు. వర్స్‌టెడ్ (మధ్యస్థ మందం) ఊలు రెండు పోగులు కలిపి 5.5 మిల్లీమీటర్ల సూదుల మీద కాస్త బిగువుగా అల్లితే నాకు ఆ 14 వస్తుంది. పాదం చుట్టుకొలత 23 సెంటీమీటర్లు అనుకోండి, ఊలు సాగుతుంది కాబట్టి పదోవంతు తగ్గించి 21కి అల్లాలి, అంటే 29 కుట్లు. పొడవు 24 ఉంటే 22కే ఆపాలి, అందులో 20 గట్లు గార్టర్, మిగతా 7, 8 సెంటీమీటర్లు రిబ్బింగ్. అసలు పాదం కొలతకే అల్లేవాళ్లు వారం తిరక్కుండా "వదులైపోయాయి, నడుస్తుంటే ఊడిపోతున్నాయి" అని వస్తారు, ప్రతి గ్రూపులో కనీసం ఇద్దరు, ఎన్నిసార్లు చెప్పినా.

ఇక రెండో స్లిప్పర్ సంగతి. మొదటిది ఉత్సాహంగా అల్లేసి రెండోది మూలన పడేయడం అందరికీ ఉన్న జబ్బే, దానికి తోడు రెండోదానికి చెయ్యి వదులై అది పెద్దదవుతుంది. గట్లు లెక్కపెట్టుకునే అలవాటు ఉంటే 20కి 20 సరిపోతుంది, పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే పట్టుకోవచ్చు. పైగా ఈ రకంలో ఎడమా కుడీ తేడా లేదు, రెండూ ఒకటే, మొదటిది కుడికాలికా ఎడమకాలికా అని మధ్యరాత్రి మెసేజ్ పెట్టే పని ఉండదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ముక్క అంచులు కలిపి కుట్టే దగ్గర. అల్లిక వచ్చినవాళ్లలో సగంమందికి కుట్టడం అంటే చిరాకు, గట్టు తలలూ గట్టు పాదాలూ ఒకదానికొకటి పట్టించి కుడితే కుట్టు కనపడకుండా పోతుంది, గబగబా చుట్టేస్తే మాత్రం మడమ వెనక తాడులా తయారై ఒరుసుకుంటుంది. చూడ్డానికి కూడా వేసుకోనంతవరకు ముడుచుకున్న సంచిలా ఉంటుంది, ఫోటోకి పనికిరాదు, కాలికి తొడిగితేనే రూపం వస్తుంది.

రౌండ్ రకం సంగతి వేరు. మేజిక్ లూప్ (పొడుగు కేబుల్ ఉన్న సూది) మీదో, రెండు కొసలూ మొనదేలిన ఐదు డబుల్ పాయింటెడ్ సూదుల మీదో గొట్టంలా చుట్టూ తిరుగుతూ అల్లేది, సాక్స్‌కి అన్నయ్య లాంటిది. చూడ్డానికి ఇదే బావుంటుంది, ఒప్పుకుంటా. వేళ్ల కింద కలిపి కుట్టిన అతుకు ఉండదు, వేళ్లనుంచి మొదలుపెడితే మధ్యమధ్యలో కాలికి తొడిగి చూసుకోవచ్చు, చాలా పెద్ద సుఖం అది. సాక్స్ అల్లడం వచ్చినవాళ్లే ఉన్న గ్రూపు అయితే కళ్లు మూసుకుని ఇదే పెట్టుకోండి.

కొత్తా పాతా కలిసిన గ్రూపులో మాత్రం మడమ దగ్గరికి వచ్చేసరికి జనం చీలిపోతారు. ప్యాటర్న్‌లో షార్ట్ రో (వరస చివరిదాకా పోకుండా మధ్యలోనే వెనక్కి తిరగడం) అని ఉంటుంది, ఒకరు ర్యాప్ అండ్ టర్న్ చేస్తారు, ఇంకొకరు జర్మన్ షార్ట్ రోస్ చేస్తారు, మూడోవాళ్లు హీల్ ఫ్లాప్ అలవాటు అని దాంట్లోకి దూకుతారు. ముగ్గురివీ మంచి మడమలే, కానీ ఒకరి ఫోటోతో ఇంకొకరికి ఉపయోగం లేదు, ఒకరి కుట్ల లెక్క ఇంకొకరికి కుదరదు. నేను చేరిన గ్రూపులో మొదటి వారం అందరం ఒకేచోట ఉన్నాం, మడమ వారం వచ్చాక మూడు ముక్కలయ్యాం, ఆ తర్వాత మళ్లీ కలవనేలేదు.

ఫోటోతో కూడా చిక్కే. మేజిక్ లూప్ మీద ఉన్నదాన్ని ఫోటో తీస్తే సగం కేబులే కనిపిస్తుంది, సగం కుట్లు వెనకపక్కన ఉంటాయి, ఎక్కడ తప్పిందో చెప్పాలంటే నాలుగు ఫోటోలు అడగాలి. వీడియో కాల్‌లో చూపిస్తాం అంటారు, అక్కడ ఇంకో తమాషా, మన తెరమీద మన బొమ్మ మామూలుగా అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది, అవతలివాళ్లకి తిన్నగానే కనిపిస్తుంది, నేను మీ ఎడమచేతి సూది అంటే ఆవిడ తెరలో తనని తాను చూసుకుంటూ ఏది ఎడమో తేల్చుకునేలోపు ఇంకో నాలుగు కుట్లు జారిపోతాయి.

ఒక సూక్ష్మం కూడా ఉంది, ఇది నాకే జరిగింది కాబట్టి చెప్తున్నా. రెండు సూదుల మీద ఒక వరస నిట్ ఒక వరస పర్ల్ (నిట్‌కి తిరగేసిన కుట్టు) అల్లే సాదా ముక్కలో చాలామందికి పర్ల్ వరస కొంచెం వదులుగా వస్తుంది. రౌండ్‌లో సాదాగా అల్లితే పర్ల్ వరసే రాదు, అన్నీ నిట్టే, దాంతో అల్లిక బిగుసుకుంటుంది. రెండు సూదుల మీద అల్లిన స్వాచ్ (కొలత చూసుకోవడానికి ముందుగా అల్లే చిన్న ముక్క) చూసి 10 సెంటీమీటర్లకి 22 కుట్లు అని రాసుకుని రౌండ్‌లో మొదలెడితే స్లిప్పర్ చిన్నదైపోయింది, విప్పి కుట్లు పెంచితే ఈసారి మడమ మూలల్లో కన్నాలు వచ్చాయి, మళ్లీ విప్పా. రౌండ్‌లో అల్లేదానికి స్వాచ్ కూడా రౌండ్‌లోనే అల్లాలి అని నాకు తెలియక కాదు, బద్ధకం అంతే.

మూడోది ఫెల్ట్. పెద్ద పడవ సైజులో వదులుగా అల్లి, వేడినీళ్లలో మెషిన్లో తిప్పి, కుదించి గట్టిపరిచే రకం. వెచ్చదనంలో, మన్నికలో దీన్ని కొట్టేది లేదు, గాలి దూరదు, కుట్లే కనిపించవు, బయట కొన్నట్టు ఉంటాయి. అయినా గ్రూపుకి వద్దంటా, నా పాడైపోయిన జత ఇదే.

ఉన్ని పోగు మీద చిన్నచిన్న పొలుసులు ఉంటాయి, తడి, వేడి, రాపిడి మూడూ కలిసినప్పుడు అవి ఒకదాన్లో ఒకటి చిక్కుకుని ఇక విడిపోవు. విడిపోవు అన్నదే ఇక్కడ సమస్య. సూది మీద ఉన్నంతసేపు ఎలాంటి తప్పునైనా విప్పచ్చు, మెషిన్లోంచి బయటికి వచ్చాక విప్పడానికి దారమే ఉండదు. పైగా ఒకే ప్యాటర్న్, ఒకే ఊలు, ఒకే సూదులు తీసుకుని ఇద్దరం అల్లితే ఆవిడది సరిగ్గా సరిపోయింది, నాది మాత్రం పిల్లల సైజుకి వచ్చింది, ఎందుకంటే ఆవిడది పైనుంచి తెరిచే మెషిన్, ఐదు నిమిషాలకోసారి ఆపి తీసి చూసుకుంది, నాది ముందునుంచి తెరిచేది, మొదలయ్యాక తలుపు తాళం పడిపోతుంది, నేను గాజులోంచి నా రెండు వారాల కష్టం గిరగిరా తిరగడం చూస్తూ కూర్చున్నా. పైఅంచుకి వాడిన తెల్ల ఊలు ఏమో సరిగ్గా ఫెల్టే అవ్వలేదు, అడుగు బూడిదరంగు రాయిలా గట్టిపడింది, అంచు వేలాడుతోంది. తెల్లగా బ్లీచ్ చేసిన ఊలు ఒక్కోసారి అలా మొరాయిస్తుంది, చిన్న ముక్క ముందు ఉతికి చూసుకోవాల్సింది. ఫోటో పెడితే గ్రూపంతా అయ్యో అన్నారు, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

అల్లుకోవాలనే ఉంటే ఇంట్లో ఒక్కరే తీరిగ్గా అల్లుకోండి, లేబుల్ మీద సూపర్‌వాష్ అని ఉంటే మాత్రం దానికి కొనకండి, ఆ పొలుసుల్ని తీసేసో పూత పూసో అమ్ముతారు, ఎంత తిప్పినా కుదించుకోదు. యాక్రిలిక్ సరేసరి, అసలు ఫెల్టే అవ్వదు.

క్రోషె స్లిప్పర్స్ గురించి కూడా అడుగుతారు. త్వరగా అవుతాయి, గట్టిగా ఉంటాయి, సాగడం తక్కువ. అల్లిక గ్రూపులో అందరికీ క్రోషె రాదు కాబట్టి వదిలేయండి. లూమ్ (మేకుల చట్రం) మీద అల్లేవి పిల్లలకి సరదాగా ఉంటాయి, అంతకంటే చెప్పడానికి లేదు.

ఊలు ఏది అంటే, గ్రూపు మొత్తానికి ఒకే మందం అని గట్టిగా చెప్పండి, బ్రాండు ఎవరిష్టం వాళ్లది. రెండు సూదుల రకానికి యాక్రిలిక్ అయినా నడుస్తుంది, కాకపోతే ఉన్ని తనలోకి చాలా తేమ లాక్కుని కూడా తడిగా అనిపించదు, యాక్రిలిక్‌లో పాదం చెమర్చి చల్లబడుతుంది, చలికాలం అంతా వేసుకుంటే తేడా తెలుస్తుంది. ఉతకడానికి భయం ఉన్నవాళ్లు ఇక్కడ సూపర్‌వాష్ నిశ్చింతగా తీసుకోవచ్చు. కాటన్ వద్దు, సాగితే వెనక్కి రాదు. రెండు పోగులతో అల్లితే 100 గ్రాముల ఉండలు రెండుంటే పెద్దవాళ్ల జతకి దారం చాలకపోవడం ఉండదు.

అడుగు గురించి రెండు మాటలు. ఏ రకం అల్లినా నున్నటి నేల మీద ఊలు జారుతుంది, అందులో అబద్ధం లేదు, మెట్లమీద మరీ ప్రమాదం. లేటెక్స్ చుక్కలు పెట్టుకోవచ్చు, తోలు అడుగు కుట్టుకోవచ్చు, ఏదో ఒకటి చేసేవరకు ఇంట్లో పెద్దవాళ్లకి ఇవ్వకండి. ముందు అరిగేది కూడా అడుగే. అల్లిక పుస్తకాలు రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అనే పెద్దావిడ దీనికోసమే అడుగు అరిగితే ఆ ఒక్క భాగమే విప్పి మళ్లీ అల్లుకునేలా మొకాసిన్ సాక్స్ అని ఒకటి తయారుచేసింది, తెలివంటే అది. మన రెండు సూదుల స్లిప్పర్‌కి అంత సౌకర్యం లేదు, అరిగితే ఇంకో జత అల్లుకోవడమే, నాలుగు సాయంత్రాల పని.

కాబట్టి అడిగినవాళ్లకి నా జవాబు, గ్రూపులో కొత్తా పాతా కలిసి ఉంటే రెండు సూదుల గార్టర్ పెట్టండి, మొదటి వారం స్వాచ్, కొలతలు, రెండో వారం 20 గట్లు, మూడో వారం రిబ్బింగ్, నాలుగో వారం అందరూ కాల్‌లో కూర్చుని కలిసి కుట్టండి, ఎందుకంటే ఒంటరిగా వదిలేస్తే కుట్టకుండా సంచిలో పెట్టేసేది ఆ దశలోనే. రెండో స్లిప్పర్‌కి ఇంకో రెండు వారాలు ఇవ్వండి, తొందరపెట్టకండి. నాది ఇప్పుడు రెండోది పదిహేడో గట్టు దగ్గరుంది, ఇంకో మూడు అల్లితే రిబ్బింగ్, కుట్టే సూది ఎక్కడ పెట్టానో మాత్రం ఇంకా వెతుకుతున్నా.