రాగి రేకు కొంటున్నారా? కత్తెర పెట్టే ముందు తూకం వేయండి

"అచ్చమైన రాగి" అని రాసి అమ్మే పల్చటి రేకుల్లో రాగి కానివి చాలానే కలుస్తున్నాయి. గోడ పలకలకో, లాంప్ షేడ్‌కో, పూలకుండీ చుట్టూ చుట్టడానికో, నగిషీ పనికో కొనేవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. ప్యాకెట్ విప్పినప్పుడు అన్నీ ఒకేలా మెరుస్తాయి. రేకు కోసి, డిజైన్ నొక్కి, చిలుము పట్టించబోయేదాకా బండారం బయటపడదు. అప్పటికి ముక్కలైపోయిన సరుకును ఎవరూ వెనక్కి తీసుకోరు.

రాగి పేరుతో ఎక్కువగా వచ్చేవి మూడు: రాగి పూత పూసిన ఇనుప రేకు, రాగి రంగు వేసిన అల్యూమినియం, రాగి పూత పూసిన ఇత్తడి. ఇనుమును అయస్కాంతం వెంటనే పట్టిస్తుంది. కానీ అల్యూమినియం, ఇత్తడి కూడా రాగిలాగే అయస్కాంతానికి అంటుకోవు. అందుకని "అయస్కాంతం పట్టలేదు, కాబట్టి రాగే" అని సంబరపడకండి. ఆ పరీక్షతో తేలేది ఇనుము కాదన్న సంగతి ఒక్కటే.

అల్యూమినియాన్ని తూకం పట్టిస్తుంది. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు, అల్యూమినియానిది 2.7. 30 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 0.1 మి.మీ. మందం ఉన్న రాగి రేకు దాదాపు 81 గ్రాములు తూగాలి. అదే కొలతల అల్యూమినియం 24 గ్రాములే ఉంటుంది. వంటింటి డిజిటల్ త్రాసు చాలు.

ఇత్తడి దగ్గర మాత్రం తూకం అంతగా పనికిరాదు. దాని సాంద్రత రాగికి దగ్గరగా, 8.5 ప్రాంతంలో ఉంటుంది. దీనికి అంచు చూడాలి. ఒక మూల ఆకురాయితో రెండు మూడు సార్లు గీకి వెలుతురులో పట్టుకోండి. రాగి అయితే లోపలిదాకా గులాబీ ఎరుపే. పసుపు కనిపిస్తే ఇత్తడి, తెల్లగా కనిపిస్తే అల్యూమినియమో ఇనుమో. పైపైన గోరుతో గీకితే పూత లేవదు, అంచునే గీకాలి.

అసలు రాగే పంపినా మందంలో కోత పెట్టేవాళ్లు ఇంకా ఎక్కువ. తూకంతోనే ఇది కూడా పట్టుకోవచ్చు. రేకు బరువును (గ్రాములు) పొడవు, వెడల్పు (సెం.మీ.), 8.96 మూడింటి లబ్ధంతో భాగించి 10తో గుణిస్తే మందం మిల్లీమీటర్లలో వస్తుంది. పైన చెప్పిన 30 × 30 రేకు 56 గ్రాములే తూగితే అది 0.07 మి.మీ. అన్నమాట. 0.1 అని డబ్బు తీసుకుని 0.07 పంపితే నూటికి ముప్పై వంతులు మింగేసినట్టే. చిన్న రేకులైతే ఒక్కొక్కటి తూచకండి. 10 × 10 రేకు 9 గ్రాములే కాబట్టి త్రాసు ఒక గ్రాము తప్పినా లెక్క తారుమారవుతుంది. అన్నీ కలిపి తూచి సంఖ్యతో భాగించండి. వెనక జిగురు, పైన ప్లాస్టిక్ పొర ఉంటే వాటి బరువు కూడా ఇందులో కలిసిపోతుందని గుర్తుంచుకోండి.

మందాన్ని మిల్లీమీటర్లలో చెప్పకుండా గేజ్ (మందానికి వాడే అంకె) మాత్రమే రాసినచోట అసలు కొనవద్దు. అమెరికన్ పద్ధతిలో 36 గేజ్ తీగ అంటే 0.127 మి.మీ., బ్రిటిష్ పద్ధతిలో అదే 36 గేజ్ అంటే 0.193 మి.మీ. మొదటిది చేత్తో పుల్లతో నొక్కితే చక్కగా ఉబ్బుతుంది, రెండోదానికి గట్టిగా బలం పెట్టాలి. మిల్లీమీటర్లలో ఎంతో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక మెత్తదనం. నగిషీకి పనికొచ్చేది కాల్చి మెత్తబరిచిన రేకు. ఒక మూల వేలితో వంచి వదలండి. వంచినచోటే ఉండిపోతే మెత్తది, టక్కున వెనక్కి లేస్తే గట్టిది. గట్టి రేకు మీద గీత నిలవదు, లోతుగా నొక్కితే చీలుతుంది. "ఇంట్లో కాల్చి మెత్తబరుచుకోండి" అని కొందరు అమ్మకందారులు సలహా ఇస్తారు. మందపాటి రేకుకు అది సరే. 0.1 మి.మీ. రేకు మీద టార్చ్ మంట ఒకేచోట ఆగితే చిల్లు పడుతుంది, పెద్ద రేకు అయితే అలలుగా వంకర్లు పోతుంది. పైన లాకర్ (పారదర్శకమైన రక్షణ పూత) ఉన్నా, వెనక జిగురు ఉన్నా కాల్చనే కూడదు, ఆ పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం.

లాకర్ సంగతి చాలామంది చెప్పరు. మెరుపు పోకుండా కొన్ని రేకులకు కంటికి కనిపించని పూత వేస్తారు. అద్దంలా మెరిసే అలంకారానికి అది మంచిదే. పచ్చ చిలుము పట్టించాలనుకునేవాళ్లకు మాత్రం డబ్బు దండగ: ఉప్పు చల్లి, అమ్మోనియా ఆవిరి ఉన్న మూతడబ్బాలో రాత్రంతా ఉంచినా రేకు కొత్తదానిలాగే బయటికొస్తుంది. ముందే తెలుసుకోవాలంటే మల్టీమీటర్ (కరెంటు పారుతుందో లేదో చూపే పరికరం) రెండు కొసలూ రేకు మీద మెల్లగా, గీకకుండా ఆనించండి. కరెంటు పారకపోతే పూత ఉన్నట్టు. మామూలుగా అసిటోన్‌తో తుడిస్తే పోతుంది, కిటికీలు తెరిచి, మంట దూరంగా పెట్టి తుడవండి. పూత లేకుండానే చిలుము మచ్చలు మచ్చలుగా పడితే అది నూనె జిడ్డు వల్ల. డిష్‌వాష్ సబ్బుతో కడిగి, ఆరాక గ్లౌజులతోనే పట్టుకోండి, వేలిముద్రలు కూడా మచ్చలవుతాయి. అమ్మోనియాకు బ్లీచ్ మాత్రం ఎన్నడూ తగలనివ్వకండి, విషవాయువు పుడుతుంది.

ఇనుము మీద రాగి పూతైతే, చిలుము కోసం వాడే ఉప్పు, వెనిగర్ తగిలిన అంచులన్నీ తుప్పు పట్టి, ఆ ఎర్రటి మరక గోడకు కూడా దిగుతుంది.

రేకు చేతికందగానే ప్లాస్టిక్ పొర తీయకుండా త్రాసు మీద పెట్టి, అంకె కనిపించేలా ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టి పొడవు, వెడల్పు ఇంకో ఫొటో. అయస్కాంతం అంటుకుంటే దాన్ని వీడియో తీయండి. తేడా ఉంటే ఆకురాయి కూడా పెట్టకుండానే వెనక్కి పంపేయండి. ఫిర్యాదులో "నాసిరకం" అని రాస్తే వాదన పెంచుతారు. "0.1 మి.మీ. రాగి అని రాశారు, 81 గ్రాములు ఉండాలి, ప్లాస్టిక్‌తో కలిపి 56 ఉంది" అని అంకెలతో రాయండి.