సైకిల్ తాళాలు: కోసి చూశాక రాస్తున్నది

2016లో నా మొదటి గేర్ల సైకిల్ పోయింది. ఒక రైల్వే స్టేషన్ బయట కమ్మీకి కట్టేసి పొద్దున్నే రైలెక్కాను. రాత్రి దిగి చూస్తే సైకిల్ లేదు, తెగిన కేబుల్ తాళం మాత్రం చచ్చిన పాములా నేల మీద పడుంది. నంబర్లు నేనెలా తిప్పి వెళ్లానో అలాగే ఉన్నాయి. వాటి జోలికే పోలేదు మహానుభావుడు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే మొట్టమొదట అడిగింది "ఫ్రేమ్ నంబరెంత?" అని. అలాంటిదొకటి ఉంటుందనే నాకు తెలీదు. చాలావాటికి పెడళ్ల ఇరుసు కింద ఉంటుంది, సైకిల్‌ని తలకిందులు చేస్తే కనిపిస్తుంది. తాళం సంగతి తర్వాత, ముందు దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.

అప్పట్నుంచి మియాపూర్ నుంచి మాదాపూర్ ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తున్నాను. రకరకాల తాళాలు వాడాను. ఈమధ్య ఇల్లు సర్దుతుంటే పాతవన్నీ ఒక సంచిలో దొరికాయి. పారేసే ముందు ఒక్కోటి ఎంతసేపు ఆగుతుందో చూద్దామనిపించింది. రాణిగంజ్‌లో 24 అంగుళాల బోల్ట్ కట్టర్ కొన్నాను. గేట్లు చేసే వెల్డింగ్ షాపు కుర్రాణ్ణి బతిమాలి గ్రైండర్‌తో సహా మేడ మీదకి పిలిచాను.

ముందు కేబుల్ తాళం. పైనున్న ప్లాస్టిక్ తొడుగు చూసి బొటనవేలంత లావు అనుకుంటాం. బ్లేడుతో తొడుగు చీలిస్తే లోపల ఇనప తీగ అందులో సగం కూడా లేదు, సన్నటి పోగులు పురిపెట్టినట్టుంది. బోల్ట్ కట్టర్ దాకా ఎందుకని మామూలు కటింగ్ ప్లేయర్‌తో నాలుగైదు పోగుల చొప్పున కొరుక్కుంటూ పోయాను. నిమిషం పట్టలేదు. మూడంకెల నంబరు తాళమైతే కోయక్కర్లేదు కూడా. ఉన్నవి 000 నుంచి 999 దాకా 1000 నంబర్లు. సెకనుకొకటి చొప్పున తిప్పితే, అన్నీ అయిపోడానికి 17 నిమిషాలు. చవకరకం వాటిల్లో తాళాన్ని లాగిపట్టి చక్రాలు తిప్పుతుంటే సరైన అంకె దగ్గర వేలికే తెలిసిపోతుంది. మా ఎనిమిదో క్లాసు వెధవ రెండు సాయంత్రాల్లో ఆ కిటుకు పట్టేశాడు.

వెనక చక్రానికి బిగించే రింగ్ తాళం అంటే నాకు నాన్న సైకిలే గుర్తొస్తుంది. తెనాలిలో సినిమా హాలు స్టాండులో ఒకసారి మా తాళంచెవి పోతే, స్టాండువాడు తన గుత్తిలోంచి మూడో నాలుగో చెవులు పెట్టి చూసి తీసేశాడు. నాన్న సంతోషించాడు గానీ, ఇంటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ సైకిల్ ఇరవై కిలోల పైమాటే, ఎత్తుకుపోవాలంటే ఇద్దరు కావాలి. ఇప్పుడు నాది పదకొండు కిలోలు, చంకన పెట్టుకుని పోవచ్చు. అయినా రింగ్ తాళాన్ని తీసిపారెయ్యను. పాల ప్యాకెట్టు కోసం రెండు నిమిషాలు ఆగినప్పుడు దానంత సుఖం ఇంకోటి లేదు. నెదర్లాండ్స్‌లో ఈ రింగ్ తాళంలోకే గుచ్చే గొలుసు విడిగా అమ్ముతారు. చక్రం బిగుస్తుంది, స్తంభానికీ కట్టినట్టవుతుంది.

గొలుసూ తాళం కప్పా పెట్టుకునేవాళ్లకి ఒక మాట. హార్డ్‌వేర్ కొట్టులో కిలోల లెక్కన తూచి ఇచ్చే గొలుసు మెత్తటి ఇనుము. నా దగ్గరున్న 6 మిల్లీమీటర్ల గొలుసుని కట్టర్ పళ్ల మధ్య పెట్టి, ఒక పిడి నేలకి ఆనించి, రెండో పిడి మీద ఒళ్లంతా మోపితే టప్పున తెగింది. గట్టిపరిచిన ఉక్కుతో, గుండ్రంగా కాకుండా పలకలుగా ఉండే లంకెలైతే అంత తేలిగ్గా లొంగవు. అలాంటిది కొన్నాను. మూడు కిలోల దాకా ఉంది. మా వాచ్‌మన్ చేత్తో పట్టుకు చూసి, "సైకిల్ కంటె తాళమే బరువున్నది గద సార్" అన్నాడు. మోయలేక దాన్ని ఆఫీసు స్టాండులోనే వదిలేశాను. రోజూ పొద్దున అక్కడ కట్టడానికి సరిపోతుంది.

ఇక యూ-లాక్, అంటే U ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ, దాని రెండు కాళ్లూ దూరే అడ్డపట్టీ. ఆరేళ్లుగా వాడుతున్నది ఇదే. కడ్డీ మందం 13 మిల్లీమీటర్లు. చెవి విరిగి మూలపడ్డ ఇలాంటిదే పాతదాన్ని కట్టర్‌కి పెట్టాను. కట్టర్ పళ్లకే సొట్ట పడింది, కడ్డీ మీద గీతలు మాత్రమే. గ్రైండర్ ముందు మాత్రం ఏదీ నిలవదు. నిప్పురవ్వలు, కాలిన వాసన, కింది వాటాలోవాళ్ల కేకలు, నిమిషంన్నరలో ఒక పక్క తెగిపోయింది. కాకపోతే రెండు కాళ్లూ లోపల లాకయ్యే రకం కాబట్టి రెండోవైపూ కోయాల్సొచ్చింది. ఒక కాలే లాకయ్యేదైతే ఒక్క కోతతో మెలితిప్పి లాగేయొచ్చు. కొనేటప్పుడు ఇది తప్పకుండా అడగండి. గ్రైండర్‌నీ చాలాసేపు ఆపే హిప్‌లాక్ డీ1000, లైట్‌లాక్ లాంటివి వచ్చాయి గానీ, ఆ డబ్బుకి ఇక్కడ మంచి సైకిలే వస్తుంది. కుర్రాడు కళ్లద్దాలు తీసి, "ఇంత కష్టపడేవాడు సైకిల్ ఎందుకన్నా, బుల్లెట్టే ఎత్తుకపోతడు" అన్నాడు.

అట్ట మీద కంపెనీ తనకి తానే వేసుకున్న పదికి తొమ్మిది మార్కుల్ని నమ్మొద్దు. బ్రిటన్‌లో పోలీసుల చొరవతో 1992లో మొదలైన సోల్డ్ సెక్యూర్ ముద్ర ఉంటే, బయటివాళ్లు పనిముట్లతో పరీక్షించారని లెక్క.

పొడుగ్గా ఉండే యూ-లాక్ కొనకండి. లోపల ఖాళీ ఎంత ఉంటే గునపం దూర్చడానికి అంత వీలు. పొట్టిది తీసుకుని వెనక చక్రాన్ని, ఫ్రేమ్ వెనక త్రికోణం లోపలి భాగంలో స్తంభానికి కలిపి బిగిస్తాను. అమెరికన్ సైకిల్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ చెప్పిన పద్ధతి ఇది. చక్రం ఆ త్రికోణంలోంచి బయటికి రాదు కాబట్టి ఫ్రేమ్‌కి విడిగా తాళం అక్కర్లేదు. మరి ముందు చక్రం? క్విక్ రిలీజ్ (పనిముట్లు లేకుండా చక్రం విప్పే పిడి) ఉంటే చేత్తో తిప్పి తీసుకుపోతారు. అది పీకేసి అలెన్ కీతో బిగించే ఇరుసు వేయించాను.

అన్నిటికన్నా నన్ను మోసం చేసింది స్తంభాలు. మా వీధి చివర నో పార్కింగ్ బోర్డుకి ఏడాదిపాటు ధీమాగా కట్టాను. ఒకరోజు వాచ్‌మన్ దాన్ని రెండు చేతుల్తో ఊపి, "గిది ఉత్తగనే పీకొస్తది సార్" అని పైకి లేపి చూపించాడు. అడుగున సిమెంటు లేనే లేదు! ఇప్పుడు ఎక్కడ కట్టినా ముందొకసారి ఊపి చూస్తాను.

చెవి సంగతీ చెప్పాలి. గుండ్రటి గొట్టం చెవులుండే తాళాలు అస్సలు వద్దు. 2004లో అమెరికాలో క్రిప్టోనైట్ యూ-లాకులు బిక్ బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని బయటపడి, కంపెనీ వాటిని మార్చి ఇవ్వాల్సొచ్చింది. నాది బిళ్లలు తిరిగే డిస్క్ రకం. 1907లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఏబ్లాయ్ తాళం వంశం. లోపల స్ప్రింగులుండవు కాబట్టి మన దుమ్ముకి మొరాయించదు. పాతదానికి ప్రతి వానాకాలం కుట్టుమిషను నూనె పోసేవాణ్ణి. ఆ జిడ్డుకి దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుపోయి, చివరికి చెవి లోపలే విరిగింది. ఇప్పుడు నూనె మాని, పెన్సిల్ ముల్లు గీకిన పొడి వేస్తున్నాను.

ఫోనుతో తెరుచుకునే బ్లూటూత్ తాళం కూడా కొన్నాళ్లు వాడాను. ఆఫీసులో రాత్రి తొమ్మిదింటికి దాని బ్యాటరీ అయిపోయింది. అంతే.

యూ-లాక్ మీద నాకున్న ఫిర్యాదు ఒకటే, ఫ్రేమ్‌కి తగిలించే ప్లాస్టిక్ బ్రాకెట్. మన గుంతలకి రెండు నెలల్లో విరిగింది, కొత్తది వేస్తే అదీ విరిగింది. పాత ట్యూబు ముక్కలు చుట్టి వెనక క్యారియర్‌కి కట్టేస్తున్నాను. గలగలమనడం కూడా తగ్గింది.