కంపెనీ ముద్ర లేని పాత కాస్ట్ ఐరన్ పెనాలు కొనేవారికి హెచ్చరిక

అమెరికాలో ఉంటూ దోసెల కోసం పాత కాస్ట్ ఐరన్ పెనాలు వెదుక్కునే తెలుగువారు చాలామందే ఉన్నారు కనుక ఈ సంగతి వివరంగా రాస్తున్నాను. "1890ల నాటి గ్రిస్‌వోల్డ్, ముద్ర లేని అరుదైన రకం" అన్న ప్రకటన చూసి నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఎనిమిదో నంబరు సైజు పెనం, పాత పెనాలకు పేరుపడ్డ అమెరికన్ కంపెనీ గ్రిస్‌వోల్డ్‌దీ కాదు, పంతొమ్మిదో శతాబ్దానిదీ కాదు. అడుగున మందంగా పేరుకున్న మాడును కాస్టిక్ సోడాతో వదలగొట్టగానే, అడుగు అంచు చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే హీట్ రింగ్‌లో మూడు గాట్లు బయటపడ్డాయి: పిడికి సరిగ్గా ఎదురుగా ఒకటి, కుడి ఎడమల చెరొకటి. టెనెసీలోని లాడ్జ్ కంపెనీ ఇరవయ్యో శతాబ్దంలో పోసిన పెనాలకు అది అందరికీ తెలిసిన గుర్తు. వంటకు అది మంచి పెనమే కానీ, అమ్మకందారు వసూలు చేసింది మాత్రం గ్రిస్‌వోల్డ్ ధర. డబ్బు వాపసు అడిగితే, ముద్ర లేదని ముందే చెప్పాం కదా అని జవాబిచ్చారు.

ముద్ర లేకపోవడం పాతదనానికి రుజువు కానే కాదు. ఓహైయోలోని వాగ్నర్ కంపెనీ కూడా పేరు వేయని పెనాలు విరివిగా పోసింది. గ్రిస్‌వోల్డ్ 1940లలో పేరు లేకుండా అమ్మిన ఐరన్ మౌంటెన్ రకానికి సైతం అడుగున నాలుగంకెల అచ్చు సంఖ్య ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దపు పెనాలలో, కరిగిన ఇనుము లోపలికి వెళ్లిన దారిని విరిచిన చోట, అడుగున అడ్డంగా గరుకు గీత తరచుగా కనిపిస్తుంది. దానిని గేట్ మార్క్ అంటారు. అసలు పెనాన్నే అచ్చుగా వాడి పోసిన నకిలీలూ ఉన్నాయి. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం కుదించుకుపోతుంది కనుక అవి అసలుదానికంటే కాస్త చిన్నవిగా, ఇసుక రేణువుల గరుకుతో ఉంటాయి.

అందుచేత డబ్బు కట్టకముందే అడుగు భాగానికీ, పిడి కింది వైపుకూ, పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన ఫొటోలు అడగండి. నేను చూసిన ప్రకటనలో ఉన్నవన్నీ పైవైపు ఫొటోలే. అడుగు చూపడానికి ఇష్టపడని వారి దగ్గర, ధర ఎంత ఆశపెట్టినా, కొనవద్దు. చేతికి వచ్చాక పిడి పట్టి వేలాడదీసి చెక్క గరిటెతో తట్టండి. ఖంగుమనకుండా బొంగురుగా మోగితే సన్నని పగులు ఉందేమోనని అనుమానించాలి.

ధర విషయంలో జరిగే మోసం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది సీసం. తుపాకీ గుండ్లు, చేపల గాలాలకు కట్టే బరువులు పోసుకోవడానికి కొందరు పాత పెనాలలో సీసం కరిగించేవారు. పైకి చూస్తే ఆ సంగతి తెలియకపోవచ్చు. హార్డ్‌వేర్ దుకాణాలలో దొరికే సీసం పరీక్ష పుల్లతో పెనం లోపలి భాగాన్ని రుద్ది చూడండి. సీసం ఉన్నట్టు తేలితే ఎంత తోమినా, ఎంత కాల్చినా ఆ పెనాన్ని వంటకు వాడవద్దు. కాల్చితే ఆ పొగ కూడా ప్రమాదమే.