టెలీ మానస్ 14416: నా అనుభవం, నా అభిప్రాయం

ఇంట్లో మనిషి పోయినప్పుడో, కళ్ళముందు ఘోరం జరిగినప్పుడో ఎవరికి ఫోన్ చేయాలని అడిగితే నేను ముందు చెప్పే నంబర్ 14416. పేరు టెలీ మానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ప్రభుత్వానిది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నా కోసం వాడాను, మా అబ్బాయి కోసం వాడాను. "గవర్నమెంట్ నంబర్ కదా, ఎవరెత్తుతారులే" అని పక్కన పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేముండేది హైదరాబాద్ వనస్థలిపురంలో. మా ఆయన పోయి ఏడాది దాటింది. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నారు. మా అబ్బాయి బండి తీసి, వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరాడు. ఎల్బీనగర్ చౌరస్తా చేరకముందే తండ్రి తల వాడి కుడి భుజం మీద వాలిపోయింది. వాడప్పుడు ఇంటర్ సెకండియర్.

చావు జరిగిన ఇంట్లో ఏడ్వడానికి తీరిక దొరకదు. డెత్ సర్టిఫికెట్ కోసం ఆధార్ జిరాక్సులు, బ్యాంకు నుంచి ఫోన్లు, ఊరి నుంచి వచ్చినవాళ్ళకు పడకలు. వీటన్నిటినీ ఎలాగో నెట్టుకొచ్చాను. నన్ను కుదిపేసింది పదోరోజు. మా ఆయన మేనత్తలు హాల్లో కూర్చుని నా గాజులు ఎవరు పగలగొట్టాలి, మట్టెలు ఎవరు తీయాలి, పొద్దున ఎన్నింటికి తీసుకెళ్ళాలి అని మాట్లాడుకుంటున్నారు. నేను వంటింట్లోనే ఉన్నాను. ప్రతి మాటా వినపడుతూనే ఉంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకూ అలాగే జరిగింది, అదే పద్ధతి అనుకుంటారు. కానీ ఆ సాయంత్రం నుంచి నా చేతులు వణకడం మొదలైంది, ఊపిరి సగంలోనే ఆగిపోతున్నట్టు ఉంది. అందరూ పడుకున్నాక డాబా మీదికెళ్ళి, వాటర్ ట్యాంకు పక్కన నిలబడి 14416 కొట్టాను. నేను స్కూల్ ఆఫీసులో పనిచేస్తాను. పిల్లల కోసం ఆ పోస్టర్ నోటీసు బోర్డుకు అంటించింది నేనే కాబట్టి నంబర్ గుర్తుంది.

ముందు రికార్డింగ్ వస్తుంది, భాష ఎంచుకోమంటుంది. తర్వాత ఒకావిడ లైన్లోకి వచ్చింది. ఆవిడ మొదట అడిగింది నా కథ కాదు. "అమ్మా, ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని. ఉన్నచోటు అడిగితే డాబా మీద అని చెప్పాను. వెంటనే, మాట తిప్పకుండా, "చనిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని అడిగింది. కొద్దిసేపు నాకు జవాబు రాలేదు. చావాలని లేదు, కానీ రేపు తెల్లారకపోతే బాగుండు అని ఉంది అన్నాను. "సరే, నేను లైన్లోనే ఉంటాను. పిట్టగోడ దగ్గర్నుంచి వచ్చి మెట్ల మీద కూర్చోండి" అంది. కూర్చున్నాక గోడకు వీపు ఆనించమంది. గాలి పీల్చేదాని కంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి అని చెప్పి, తనూ నాతో పాటు చేసింది. పొద్దున్నుంచి ఏం తిన్నారు అంది. టీ తప్ప ఏమీ లేదు.

ఆ ప్రశ్న గురించి ఒక మాట. చావు గురించి సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని ఇళ్ళలో భయపడతారు. అలా జరగదు. అడిగితే అవతలి మనిషి చెప్పుకోగలుగుతాడు, అందుకే శిక్షణ ఉన్నవాళ్ళు సూటిగా అడుగుతారు. ఔనని చెబితే పోలీసు కేసు అవుతుందేమో అన్న భయమూ ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా చూడాలి తప్ప నేరస్థుడిగా కాదు. చికిత్స, సంరక్షణ అందేలా చూడటం ప్రభుత్వం బాధ్యత. మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరూ జంకనక్కర్లేదు.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నకే ఈ సర్వీసుకు నేను పూర్తి మార్కులు వేస్తాను. "రేపు జరగబోయేది మీకు ఇష్టమేనా?" అంది. అన్ని రోజుల్లో ఇల్లంతా జనం ఉండి ఒక్కరూ నన్ను అడగని మాట అది. ఇష్టం లేదన్నాను. ఆవిడ ఆచారాల మీద ఉపన్యాసం ఇవ్వలేదు. పెద్దవాళ్ళు కదా, సర్దుకుపోండి అనీ అనలేదు. ఆ రెండింట్లో ఏది అన్నా ఫోన్ పెట్టేసేదాన్ని. "ఆ పెద్దవాళ్ళు ఎవరి మాట కాదనరు? ఆ మనిషి మీ మాట వింటాడా?" అని అడిగింది. మా మరిది అన్నాను. అయితే అతనికి ఏం చెబుతారో ఇప్పుడు నాతో ఒకసారి చెప్పండి అంది. మొదటిసారి ఏడుపొచ్చి ఆగిపోయాను. మళ్ళీ చెప్పించింది. చివరికి ఒక్క ముక్కగా తేలింది: "గాజులు నా చేతులతో నేనే తీసి పెడతా, ఎవరూ పగలగొట్టొద్దు."

పొద్దున మరిదిని మెట్ల దగ్గరికి పిలిచి ఆ ముక్క చెప్పాను. "సరే వదినా" అని లోపలికెళ్ళి తనే మాట్లాడాడు. ఒక మేనత్త అలిగి అన్నం తినకుండానే ఊరికెళ్ళిపోయింది. ఇప్పటికీ సరిగా మాట్లాడదు. మా అత్తమ్మ మాత్రం ఏమీ అనకుండా పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది, గాజులు తీసి అందులో పెట్టాను. కౌన్సెలింగ్ అంటే ఏముంది, ఓదార్పు మాటలే కదా అనేవాళ్ళకు నేను ఈ సంగతే చెబుతాను. ఆవిడ నా దుఃఖాన్ని తగ్గించలేదు, అది ఎవరి వల్లా కాదు. తెల్లారితే నా మీద జరగబోయే పనిని ఆపే దారి నా చేతికిచ్చింది.

సర్వీసు వివరాలు చెబుతాను. టెలీ మానస్ 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు మొదలైంది. దేశం మొత్తానికి ప్రధాన కేంద్రం బెంగళూరు నిమ్హాన్స్, అంటే జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ. 20 భాషల్లో ఉంది. ముందు ఫోనెత్తేది శిక్షణ పొందిన కౌన్సెలర్. అవసరాన్ని బట్టి సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో కలుపుతారు, నేరుగా చూపించుకోవాల్సి వస్తే ప్రభుత్వాసుపత్రి వివరాలు చెబుతారు. 1800 891 4416 అనే టోల్ ఫ్రీ నంబర్ కూడా దీనిదే.

మళ్ళీ ఫోన్ చేసి కనుక్కోమంటారా అని వాళ్ళే అడిగారు, సరేనన్నాను. ఆ కాల్‌లో నేను చెప్పింది అలారం గురించి. మంచినీళ్ళు వదిలే టైముకు మోటర్ వేయాలని మా ఆయన ఫోన్లో తెల్లారి నాలుగున్నరకు అలారం పెట్టుకునేవారు. ఫోన్ ఛార్జింగ్‌లోనే ఉంటుంది, అది మోగుతూనే ఉంటుంది. అత్తమ్మేమో తీసేయొద్దంటుంది. మా అబ్బాయి అది మోగగానే చెవుల మీద దిండు పెట్టుకుంటాడు. కౌన్సెలర్ తీసేయమనలేదు, ఉంచుకోమనలేదు. "అది మోగినప్పుడు ఇప్పుడు మోటర్ ఎవరు వేస్తున్నారు?" అని అడిగింది. ఎవరూ వేయడం లేదు, నీళ్ళ ట్యాంకర్ తెప్పించుకుంటున్నాం. అది పైకి చెప్పినప్పుడే నాకూ తెలిసింది. ముగ్గురం మేలుకునే ఉంటున్నాం, ఎవరూ లేవడం లేదు. తర్వాత అలారం నా ఫోన్లోకి మార్చుకున్నాను, వేరే ట్యూన్‌తో. మోటర్ నేనే వేస్తున్నాను.

మధ్యలో ఒక ప్రైవేటు సెంటర్‌కు కూడా వెళ్ళాం, ఐటీ కంపెనీలుండే వైపు. పేరు రాయను. ఏసీ గది, మంచి సోఫా, నలభై అయిదు నిమిషాలకు పదిహేను వందలు. అక్కడి అమ్మాయి సగం పైగా ఇంగ్లీషులోనే మాట్లాడింది. దుఃఖానికి అయిదు దశలుంటాయని చార్టు చూపించి, మీరిప్పుడు కోపం దశలో ఉన్నారు అంది. ఆ అయిదు దశల మాట 1969లో ఎలిజబెత్ కుబ్లర్-రాస్ చెప్పింది, అదీ చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు బస్టాపుల్లా వాటిని వరసగా దాటుకుంటూ పోరు. ఒకే పూటలో ఏడుస్తాం, నవ్వుతాం, కూర మాడిందని చిరాకు పడతాం. బయటికొచ్చేటప్పుడు రిసెప్షన్‌లో పది సెషన్ల ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. మా అబ్బాయి లిఫ్టులో "అమ్మా, ఇంక వద్దు" అన్నాడు.

వాడి విషయమే నాకు అసలు టెన్షన్. ఎల్బీనగర్ చౌరస్తా మీదుగా వెళ్ళనంటాడు, చుట్టూ తిరిగి కాలేజీకి పోతాడు. బ్యాగు కుడి భుజానికి తగిలించుకోడు, రెండు పట్టీలున్న బ్యాగునూ ఎడమ భుజానికే వేస్తాడు. ఎవరైనా వెనక నుంచి ఆ భుజం మీద చెయ్యి వేస్తే అదిరిపడతాడు. బంధువులు "మగపిల్లాడు, నువ్వే ధైర్యంగా ఉండాలి" అంటుంటే తల ఊపేవాడు. 14416లో చెప్పాను. కళ్ళముందు జరిగింది మళ్ళీ మళ్ళీ గుర్తుకురావడం, ఆ చోటికి వెళ్ళలేకపోవడం, ఉలికిపడటం మొదట్లో చాలామందికి ఉంటాయి, నెల దాటినా తగ్గకపోతే మాత్రం ఫోన్ సరిపోదు, ఎదురుగా కూర్చుని చికిత్స చేసేవాళ్ళకు చూపించండి అన్నారు. తమ వల్ల కాదన్న సంగతి తామే చెప్పారు, అక్కడే నాకు నమ్మకం కుదిరింది. బోర్డు మీద కౌన్సెలర్ అని ఉన్నంత మాత్రాన వెళ్ళొద్దు, క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబర్ అడగండి అని కూడా చెప్పారు. ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. ఆ నంబర్ అడిగితే విసుక్కునే చోటికి మళ్ళీ వెళ్ళకండి.

అలా వెతికి పట్టుకున్న సైకాలజిస్టు మా అబ్బాయిని మొదట ఏమీ చెప్పించలేదు. కాగితం మీద ఇంటి నుంచి చౌరస్తా దాకా దారి గీయించింది. కొన్నాళ్ళకు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ దారిన వెళ్ళాడు, పక్కన నేను. తర్వాత ఒక్కడే వెళ్ళాడు. బండి మీద ఇంకా వెళ్ళలేదు, తొందరేమీ లేదంది ఆవిడ. బ్యాగు రెండు భుజాలకూ వేసుకుంటున్నాడు. చాలా సెషన్లు పట్టింది, ఇంకా నడుస్తోంది. డబ్బు సమస్య అయితే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ ఉంది. "ఎర్రగడ్డకు పంపిస్తా" అని పిల్లల్ని బెదిరించే అలవాటు మన ఊళ్ళో ఇప్పటికైనా పోవాలి. రేపు ఆ పిల్లవాడికే సాయం కావాల్సి వస్తే ఆ గేటు దాకా ఎలా వెళ్తాడు?

హింస విషయంలో మాత్రం దారి వేరు. మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఒకామెను భర్త కొడుతుంటే నేను తోడుండి 181కి ఫోన్ చేయించాను. ఇది మహిళల హెల్ప్‌లైన్. అక్కడి నుంచి సఖి కేంద్రానికి వెళ్ళాం. వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా, కౌన్సెలింగ్, అవసరమైతే కొద్ది రోజులు తలదాచుకునే చోటు, అన్నీ ఒకేచోట ఉంటాయి. కౌన్సెలర్ మొదటే నన్ను బయట కూర్చోమంది. తోడొచ్చిన మనిషి ముందు కూడా చెప్పలేని మాటలుంటాయి కదా, ఆ పద్ధతి నాకు నచ్చింది. 2005 గృహహింస చట్టం కింద ఏమేం అడగొచ్చో ఆమెకు చెప్పారు, కేసు పెట్టు అని ఒత్తిడి చేయలేదు. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. కానీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు ఇప్పుడు మా బీరువాలో ఉన్నాయి, ఆమె ఎప్పుడడిగితే అప్పుడిస్తాను. పిల్లల మీద లైంగిక దాడి లాంటివైతే హాకా భవన్‌లో 2016లో పోలీసులు పెట్టిన భరోసా కేంద్రం ఉంది, పిల్లలకు హెల్ప్‌లైన్ 1098.

14416కి నేను అయిదుకు అయిదు ఇవ్వను, నాలుగు ఇస్తాను. ఒకే మనిషితో నెలల తరబడి సాగే చికిత్స కోరుకునేవాళ్ళకు ఫోన్ సర్వీసు చాలదు, మొహం చూడకుండా అర్థం కానివీ కొన్ని ఉంటాయి. మొదటి ఆ రాత్రికి, ఆ గంటకు మాత్రం ఇంతకంటే మంచి సాయం నాకు తెలియదు.

ఇంట్లో మాట్లాడే చాటు లేకపోతే కూరగాయలకో గుడికో అని బయటికొచ్చి చేయండి. ఫోనెత్తగానే "నేను గట్టిగా మాట్లాడలేను" అని చెప్పండి, ఔను కాదు అని జవాబిచ్చేలా ప్రశ్నలు అడగమనండి. కాల్ అయ్యాక నంబర్ కాల్ లిస్టులోంచి తీసేయండి. ఎవరైనా కత్తి పట్టుకునో, గొంతు పట్టుకునో ఉంటే మాత్రం ఈ నంబర్లేవీ కాదు, ముందు 112.