మూడేళ్లు వాడిన ఓబీడీ స్కానర్: ఆ రెండు అంకెల కోసమే

టర్బో డీజిల్ కారుకి మూడేళ్లుగా ఒకటే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలించి లోపాల కోడ్‌లు, సెన్సర్ రీడింగులు చదివే పరికరం) వాడుతున్నాను. కోడ్ చదవడం, చెరపడం ఏ స్కానరైనా చేస్తుంది. నాకు దీనిమీద ఇంత ఇష్టం కుదిరింది లైవ్ డేటా వల్ల, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు చెప్పే అంకెల వల్ల.

ఒకరోజు ఎత్తు ఎక్కుతుండగా చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, పికప్ ఒక్కసారిగా పడిపోయింది. కోడ్ పీ0299, అంటే బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) చాలట్లేదని. వర్క్‌షాపులో అది చూడగానే బూస్ట్ సెన్సర్ పోయిందని కొత్తది వేశారు. పది రోజులకి మళ్లీ అదే లైటు, అదే కోడ్. ఒత్తిడి తక్కువగా ఉందనే ఆ కోడ్ చెబుతుంది, సెన్సర్ పాడైందని కాదు. ఆ తేడా అక్కడ ఎవరూ పట్టించుకోలేదని నాకు ఇప్పటికీ బాధే.

ఆ సాయంత్రం ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం ఆన్ చేసి, ఇన్‌టేక్ ప్రెజర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, బూస్ట్ సెన్సర్ చెప్పేది), బయటి గాలి ఒత్తిడి స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టాను. ఇంజిన్ ఆగి ఉంటే రెండూ దాదాపు ఒకటే ఉండాలి. 99, 99 కిలోపాస్కల్స్. డిక్కీలో పడి ఉన్న పాత సెన్సర్ బిగించి చూస్తే అదీ 99. నిక్షేపంగా ఉన్నదాన్ని మార్పించేశాం!

తర్వాత మా తమ్ముడు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని స్క్రీన్ చూశాను. మూడో గేరులో గట్టిగా తొక్కితే ఇన్‌టేక్ ప్రెజర్ ఎప్పుడూ 200 దాటేది, ఈసారి 150 దగ్గరే ఆగిపోయింది. గాలి ఎక్కడో పోతోంది. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు హోస్ అడుగున తడిమితే వేలికి నూనె జిడ్డు అంటింది. క్లాంప్ వదులు చేసి వంచగానే గోరంత చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే మళ్లీ మూసుకుపోయింది, అందుకే పైనుంచి చూస్తే కనబడలేదు. హోస్ మార్చాక ఆ కోడ్ మళ్లీ రాలేదు.

ఏడాది తర్వాత ఇంజిన్ ఆపి చేసే అదే పరీక్షలో బయటి ఒత్తిడి 99 పక్కన ఇన్‌టేక్ ప్రెజర్ 108 కనిపించింది. ఈసారి సెన్సర్ మొన మీదే మసి, నూనె. సెన్సర్ క్లీనర్ స్ప్రేతో కడిగి, బాగా ఆరనిచ్చి, ఓ-రింగ్ (గాలి లీకవకుండా ఆపే రబ్బరు రింగు) కొత్తది వేస్తే సరిపోయింది. సూదితో గోకొద్దు, లోపలిది చాలా సున్నితం. ఈ సెన్సర్‌కి స్క్రూ తిప్పి సరిచేసే ఏర్పాటు ఉండదు, కడగాలి లేదంటే మార్చాలి.

రీడింగ్ చకచకా వస్తుందని మొదట్లో అందరికీ చెప్పాను. రెండు అంకెలు పెట్టినంతవరకు అది నిజమే, ఐదారు కలిపితే ఆగి ఆగి మారతాయి. పైగా మామూలు ఓబీడీలో ఈ ప్రెజర్‌కి ఇచ్చింది ఒకే బైట్ (0 నుంచి 255 వరకు అంకెలే పట్టే చోటు), అందుకే 255 కిలోపాస్కల్స్ దాటి చూపించదు. నా బండి అంతదాకా వెళ్లదు కాబట్టి నాకిది చాలు. బూస్ట్ పెంచి ట్యూన్ చేయించిన బండైతే, ఆ కారు కంపెనీ సొంత డేటా కూడా చదివే స్కానర్ చూసుకోండి.